కొర్రీ బాబాయ్

మా కొర్రీ బాబాయ్ అసలు పేరు ఇక్కడ రాయను. రాసినా మీకు పనికిరాదు. మీ చుట్టాల్లోనూ ఒక కొర్రీ బాబాయ్ ఉండే ఉంటాడు, ఆయన పేరు మీకు తెలుసు. మాకున్నాయన ముప్పై మూడేళ్ళు ఒక జిల్లా కార్యాలయంలో పనిచేసి, సూపరింటెండెంటుగా రిటైరై, కాకినాడలో భానుగుడి సెంటరుకి రెండు వీధుల అవతల ఇల్లు కట్టుకున్నాడు.

కొర్రీ అంటే వేరే చెప్పక్కర్లేదు. జీవితంలో ఒక్కసారైనా కాగితం చేత్తో పట్టుకుని ఆఫీసు మెట్లెక్కినవాడికి ఆ మాట వినగానే మోకాళ్ళు నొప్పెడతాయి. మూడో కాలంలో ఇంటిపేరు పొట్టిగా రాశారు. జతపరిచిన నకలు మీద సంతకం ఉంది గానీ సంతకం పక్కన తేదీ లేదు. ఇలాంటివి వెతకడంలో బాబాయ్‌ని మించినవాడు లేడని జిల్లా అంతా చెప్పుకునేవారు. పచ్చసిరా గెజిటెడ్ వాళ్ళ సొత్తు గనక ఆయన ఎర్ర పెన్సిలుతో మార్జిన్లో చిన్న గీత గీసేవాడు. అంతే. ఆ గీత దాటడానికి అవతలివాడికి ఆర్నెల్లు పట్టేది. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, ఆయన పైసా ముట్టేవాడు కాదు. ముట్టుకుని ఉంటే చాలామంది సుఖపడేవారని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు.

అలాంటి మనిషి రిటైరైన మర్నాటి నుంచీ మెత్తబడిపోయాడు. అన్నం సయించదు, నిద్ర పట్టదు. బీపీ చూశారు, షుగరు చూశారు, ఈసీజీ తీశారు, అన్నీ బాగానే ఉన్నాయన్నారు. జబ్బేమిటో పిన్నే కనిపెట్టింది.

"ఆయన్ని ఎవరూ ఏదీ అడగటం లేదురా. అదీ రోగం."

పిన్నికి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? ఆవిణ్ణి చేసుకోడానికే మూణ్ణెల్లు ఫైలు నడిపాడు.

డాలస్‌లో ఉన్న కొడుకు, నాన్న మొహం పెద్ద తెరమీద చూసుకోవాలని డబ్బు పంపి డెస్క్‌టాప్ కంప్యూటరు కొనిపించాడు. ఇరవై నాలుగంగుళాల తెర, నెత్తిన కెమెరా, విండోస్ 11. షాపు కుర్రాడు వైర్లు తగిలించి, ప్రింటరుకి ఏదో ఎక్కించబోతూ కాఫీకని లేచాడు. సరిగ్గా అప్పుడు తెర అంతా మసకబారి, మధ్యలో ఒక చిన్న పెట్టె వెలిగింది. ఈ యాప్ మీ కంప్యూటరులో మార్పులు చేయడానికి అనుమతిస్తారా? కింద యెస్, పక్కన నో.

బాబాయ్ కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి చదివాడట. వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడట.

"చూశావుటే అడిగే పద్ధతి? చుట్టూ లైట్లార్పేసుకుని, చేతులు కట్టుకుని, ఒక పక్కగా నిలబడి అడుగుతోంది. మన కుర్రకారుకి ఈ వినయం ఏదీ?" అన్నాడట. అని, నో నొక్కాడట.

ఆ రాత్రి రెండు సార్లు అన్నం పెట్టించుకున్నాడని పిన్ని చెప్పింది.

మూడు వారాలు గడిచేసరికి కంప్యూటరు కంప్యూటరులాగే ఉంది. కడిగిన ముత్యం. దానిచేత ఏ పనీ జరగదు. ప్రింటరు ప్రింటు చెయ్యదు, కెమెరా చూడదు, మైకు వినదు. ఆదివారం పొద్దున్న ఎనిమిదిన్నరకి, అంటే డాలస్‌లో శనివారం రాత్రి పదికి, కొడుకు వీడియో కాల్ చేస్తాడు. వాడు బాబాయ్‌కి నిక్షేపంలా కనిపిస్తాడు, వినిపిస్తాడు. వాడికి మాత్రం ఇటుపక్క చీకటి. "నాన్నా, వినపడట్లేదు" అంటాడు. బాబాయ్ గొంతు పెంచుతాడు. ఇంకా పెంచుతాడు. భానుగుడి సెంటరులో ఆటోవాళ్ళకి వినపడింది గానీ డాలస్‌కి వినపడలేదు.

"మళ్ళీ అడిగితే ఈసారి సరేనని నొక్కిస్తానురా, అదేమో మళ్ళీ అడగదేం?" అని పిన్ని నాకు ఫోన్ చేసింది.

"బ్రౌజరు అంతే పిన్నీ. ఒకసారి ఆ సైటుని బ్లాక్ చేస్తే, మనం వెనక్కెళ్ళి మార్చేదాకా మళ్ళీ అడగదు."

"మంచి కుటుంబంలో పుట్టినట్టుందిరా" అంది పిన్ని.

చివరికి కొడుకు, దూరం నుంచి ఒకరి కంప్యూటరు ఇంకొకరు చూసి బాగుచేసే ప్రోగ్రాం ఒకటి ఎలాగో ఒప్పించి పెట్టించాడు. ఫోన్లో మాట్లాడుతూ, అందులోంచి చూస్తూ, నాన్న తెర మీద బాణం గుర్తుని తనే తిప్పుతూ, కెమెరాకి కావాల్సినదేదో పంపి తెరిచాడు. తెరవగానే ఇక్కడ అనుమతి పెట్టె వెలిగింది. అక్కడ వాడి తెర నల్లగా అయిపోయింది.

ఇది పాడైపోవడం కాదు, విండోస్ కావాలని చేసే ఏర్పాటు. ఆ పెట్టె వచ్చినప్పుడు తెర మసకబారేది అందం కోసం కాదు. మిగతా ప్రోగ్రాములన్నిట్నీ గది బయట నిలబెట్టి తలుపేసుకుని అడుగుతుందన్నమాట. అలా అడగకపోతే, దొంగ ప్రోగ్రాం ఏదైనా తన అర్జీ తనే పెట్టుకుని, మన బదులు యెస్ కూడా తనే నొక్కేసుకుంటుంది. తలుపేశాక దూరం నుంచి చూసే కొడుకు కూడా బయటివాడే. ఆ క్షణంలో కుర్చీలో కూర్చున్నవాడి మాటే చెల్లుతుంది. కూర్చున్నదేమో బాబాయ్.

"నాన్నా, నాకు నల్లగా అయిపోయింది. నీకేదో అడుగుతూ ఉంటుంది. యెస్ నొక్కెయ్."

"నీకు కనపడటం లేదా?"

"లేదు నాన్నా."

"ఫైలు చూడకుండా సిఫార్సు ఎలా రాస్తున్నావు మరి?"

డాలస్‌లో నిట్టూర్పు.

"పసుపురంగు పట్టీ ఉందిరా. పబ్లిషరు అన్‌నోన్ అని ఉంది. అన్‌నోన్ అంటే ఎవరూ?"

"అదీ... నేనే పంపాను నాన్నా. నా ఫ్రెండు రాసిన ప్రోగ్రాం."

"నువ్వు పంపితే నీ పేరుండాలిగా. తండ్రిపేరు లేని అర్జీ నా సర్వీసులో ఒక్కటి పాస్ చెయ్యలేదు. కొడుకన్నాడని పాస్ చేసి రేపు ఎంక్వయిరీలో ఏం చెప్పనూ?"

కొడుకు అక్కడ అర్ధరాత్రి అయిందన్నాడు. బాబాయ్ నో నొక్కాడు. రెండు నిమిషాల తర్వాత నా ఫోన్ మోగింది. "అన్నయ్యా, నువ్వొక్కసారి వెళ్ళవూ?"

నిజం చెప్పొద్దూ, పట్టీ రంగు సంగతిలో బాబాయ్ చేసింది తప్పు కాదు. ఎవరు తయారుచేశారో సంతకంతో సహా రుజువైన ప్రోగ్రాంకి విండోస్ నీలం పట్టీ ఇస్తుంది, ఊరూ పేరూ తేలనిదానికి పసుపు. ఆ తేడా నాకు అప్పటిదాకా తెలియదు. ఇన్నేళ్ళుగా కంప్యూటర్లతోనే బతుకుతూ ఆ పెట్టెలో పట్టీ ఒకటుంటుందని కూడా నేను చూడలేదు. పెట్టె రాగానే నా వేలు యెస్ మీదకి దానంతటదే పోతుంది, దోమ వాలితే చెయ్యి పోయినట్టు.

నేను వెళ్ళేసరికి బాబాయ్ మేజా మీద కంప్యూటరు పక్కన గట్టి అట్ట వేసిన పొడుగు రిజిస్టరు ఉంది. గీతలు స్కేలు పెట్టి కొట్టినవి. వరుస నంబరు, తేదీ, వేళ, అర్జీదారు, కోరిన కోరిక, ఉత్తర్వు. నేను కొన్ని కాపీ చేసుకొచ్చాను, ఆయన అనుమతితోనే.

"17. అర్జీదారు: ప్రింటరు. కోరిక: మార్పులు చేయుట. ఉత్తర్వు: ఏ మార్పులో వివరించలేదు. వివరములతో తిరిగి దాఖలు చేసుకొనవలెను."

"22. అర్జీదారు: ఒక వార్తల వెబ్‌సైటు. కోరిక: ఎప్పటికప్పుడు కబుర్లు తెలుపుట. ఉత్తర్వు: పేపరు ఇంటికి వచ్చుచున్నది. అవసరము లేదు."

"23. అర్జీదారు: వాతావరణం. కోరిక: మన నివాసస్థలము తెలిసికొనుట. ఉత్తర్వు: వానపడిన యెడల కిటికీలోనుండి కనబడును. తిరస్కరించడమైనది."

"31. అర్జీదారు: వీడియో కాల్. కోరిక: మైకు, కెమెరా. ఉత్తర్వు: మైకు దేనికి? సభ ఏదియు ఏర్పాటు కాలేదు."

నవ్వాపుకుని, ఆయన్ని దారిలోకి తెద్దామని ఈ అడగటం వెనక కథ ఎత్తుకున్నాను. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ ఇళ్ళల్లో ఏమీ అడిగేది కాదు బాబాయ్, కూర్చున్నవాడల్లా అడ్మినిస్ట్రేటరే, లోపలికొచ్చిన ప్రోగ్రామల్లా ఇంటి అల్లుడే, అన్నాను. 2007లో విస్టా వచ్చింది. అది తాళం చెవి కదిలిస్తే అడిగేది, గడియారం ముట్టుకుంటే అడిగేది. ఎంతగా అంటే, ఆ ఏడే ఆపిల్ వాళ్ళు దాన్ని వెక్కిరిస్తూ టీవీ ప్రకటనే తీశారు: పాపం పీసీ పాత్రధారి ఏ మాట మాట్లాడబోయినా వెనక నల్లకళ్ళద్దాల కాపలావాడు "వద్దంటారా, సరేనంటారా" అని అడ్డుపడుతుంటాడు. మర్నాటి ఏడు, 2008లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆర్‌ఎస్‌ఏ అనే భద్రతా సదస్సులో మైక్రోసాఫ్ట్ మేనేజరు డేవిడ్ క్రాస్ లేచి, అది జనాన్ని విసిగించడానికే పెట్టామని, వేళాకోళం కాదని చెప్పాడు. అడిగిన ప్రతిసారీ జనం చిరాకుపడితే, ఆ తిట్లకి భయపడైనా ప్రోగ్రాములు రాసేవాళ్ళు అడ్మినిస్ట్రేటరు అధికారం అక్కర్లేకుండా రాయడం నేర్చుకుంటారని లెక్క.

బాబాయ్ మొహం వెలిగిపోయింది. "విసిగిస్తే అర్జీదారే సరిగ్గా రాసుకొస్తాడు. ముప్పై మూడేళ్ళు నేను చెప్పింది ఇదే కదట్రా! ఆయన ఎవరో మహానుభావుడు. పేరేమన్నావ్?"

పేరు రిజిస్టరు అట్ట లోపల రాసుకున్నాడు. నేను ఎత్తుకున్న కథ ఇలా ఎదురు తిరుగుతుందనుకోలేదు. 2009లో విండోస్ 7 వచ్చేసరికి మైక్రోసాఫ్టే మెత్తబడి, ఎంత అడగాలో నాలుగు మెట్ల మీద మనమే పెట్టుకునే మీట ఒకటి ఇచ్చిందన్న సంగతి చెప్పాక గానీ తెలియలేదు, అది చెప్పకూడనిదని. ఆయన ఆ మీట వెతికి పట్టుకుని పైమెట్టుకి లాగేశాడు: ప్రతిదానికీ అడుగు.

ఇలా కాదని ఆయన భాషలోనే మొదలెట్టాను.

"బాబాయ్, కెమెరా ఫైలు ఎక్కడాగిందో చూద్దాం. ఇది ఒక్క సీటు దగ్గర తేలే ఫైలు కాదు. మొదట విండోస్ సెట్టింగుల్లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ. అక్కడ కెమెరా అనే సెక్షనుంది. పైన మొత్తం కెమెరాకి ఒక మీట. దాని కింద యాప్‌లకి ఒక మీట. ఇంకా కింద డెస్క్‌టాప్ యాప్‌లకని మరో మీట. ఇవన్నీ దాటాక బ్రౌజరు, అది సైటుకి విడిగా ఇవ్వాలి. మైకుకి మళ్ళీ ఇదంతా వేరే ఫైలు. ఎక్కడ ఒక్క కొర్రీ పడ్డా బొమ్మ రాదు."

"సెక్షను, సూపరింటెండెంటు, ఆఫీసరు, ఆ పైన ఫైనాన్సు" అన్నాడు బాబాయ్, పాఠం అప్పజెప్పినట్టు. కుర్చీ దగ్గరకి లాక్కున్నాడు. కొడుకు గంటసేపు ఇంగ్లీషులో చెప్పినా ఎక్కనిది పావు నిమిషంలో ఎక్కేసింది.

డెస్క్‌టాప్ యాప్‌ల మీట దగ్గర మాత్రం ఆగిపోయాడు. స్టోర్ నుంచి వచ్చిన యాప్‌లకి ఒక్కోదానికీ ఒక్కో మీట ఉంది. బయటి నుంచి తెచ్చుకున్నవాటికి, బ్రౌజరుతో సహా, అందరికీ కలిపి ఒకే మీట.

"గంపగుత్త శాంక్షనా? ఆడిట్ ఒప్పుకోదు."

"ఇక్కడ ఆడిట్ లేదు బాబాయ్."

"ఎందుకు లేదూ, ఇదేమిటి మరి?" అని తెర కింది భాగాన వేలు పెట్టాడు. ఏ యాప్ ఏ తేదీన, ఎన్ని గంటలకి కెమెరా వాడిందో అక్కడ వరసగా రాసుంది. నేనెప్పుడూ అంత కిందికి వెళ్ళలేదు. "వీడెవడో మూవ్‌మెంట్ రిజిస్టరు రాస్తున్నాడే! ఇది ముందే చూపిస్తే ఎప్పుడో పాస్ చేసేవాణ్ణి కదా" అన్నాడు. మీట కుడికి జరిపాడు. జరుపుతున్నప్పుడు ఆయన కుడిచెయ్యి సంతకం పెట్టినట్టు చిన్న మెలిక తిరిగింది.

బ్రౌజరులో అడ్రసు పక్కన గుర్తు నొక్కి పాత నిషేధం ఎత్తేశాక, సైటు మళ్ళీ అడిగింది. మూడు దారులు: ఈ సైటులో ఉన్నంతసేపూ సరే, ఈ ఒక్కసారికి సరే, ఎప్పటికీ వద్దు.

బాబాయ్ రెండోది చదివి లేచి నిలబడ్డాడు. పిన్నిని కేకేశాడు. "ఇదిగో, ఇలా రా! తాత్కాలిక అనుమతి! దీన్నంటారు ఉత్తర్వంటే. రెగ్యులరూ కాదు, తిరస్కారమూ కాదు. ఆదివారం ఆదివారం వాడొచ్చి రెన్యువల్ చేయించుకుంటాడు."

"ఎవరూ, అబ్బాయా?" అంది పిన్ని.

"ఎవరైతేనేం."

మూడు వారాలుగా ఆయన ఇంకో పని కూడా చేస్తున్నాడని అప్పుడే తెలిసింది. కొన్ని అర్జీలకి యెస్ అనడు, నో అనడు, మూల ఉన్న ఇంటూ గుర్తు నొక్కుతాడు. రిజిస్టరులో 'పెండింగు' అని రాస్తాడు. క్రోమ్‌లో అలా ఒక సైటుని మూడుసార్లు తిప్పి పంపితే, ఆ తర్వాత వారంరోజులు అది అడగటమే మానేస్తుంది. ఈ సంగతి ఎక్కడా చదవకుండా, కేవలం రిజిస్టరు చూసి కనిపెట్టాడు మహానుభావుడు. "మూడుసార్లు తిప్పితే నాలుగోసారి రాడురా. మనుషులైనా అంతే" అన్నాడు, ఏదో గుర్తొచ్చినట్టు కాసేపాగి.

సరే, అన్ని గేట్లూ తెరుచుకున్నాయి. మైకు పచ్చగీతలు ఎగురుతున్నాయి. కెమెరా దీపం వెలిగింది. బొమ్మ రాలేదు. వచ్చింది గానీ, తెరంతా ఎర్రగా, పొగమంచులో సూర్యోదయంలా ఉంది. డ్రైవరు చూశాను. వైరు తీసి పెట్టాను. సెట్టింగులన్నీ రెండోసారి నడిచొచ్చాను. అరగంట. బాబాయ్ నా వెనక నిలబడి "ఎక్కడో ఎవడో కొర్రీ వేశాడు" అంటున్నాడు.

వేసింది పిన్ని. ఆయుధపూజ నాడు కంప్యూటరుకి పసుపు రాసి, కుంకుమబొట్టు ఎక్కడ పెట్టాలా అని చూసి, కన్నులాగా గుండ్రంగా ఉందని కెమెరా నడినెత్తిన పెట్టింది. అదికాస్తా అద్దం మీదకి జారింది.

చెంగుతో తుడవబోతే బాబాయ్ వారించాడు. "ఆగు. దేవుడి బొట్టు. తడిగుడ్డతో తుడిచి, పక్కన పెట్టు." పక్కన పెట్టింది. బొమ్మ వచ్చింది. ఆదివారం దాకా ఆగలేక అప్పటికప్పుడు కొడుక్కి చేశాం. వాడు దుప్పట్లోంచి లేచి, తెరనిండా తండ్రి మొహం చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. బాబాయ్ కూడా మాట్లాడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "వేళ ఎంతయిందక్కడ? రిజిస్టరులో వెయ్యాలి" అన్నాడు.

అక్కడితో లేచి రావలసింది. కాఫీ ఇంకోసారి వస్తోందని కూర్చున్నాను. మేజా మీద తెరిచి ఉన్న నా ల్యాప్‌టాప్ కుడిచేతి మూల టింగుమంది. మీ కంప్యూటరులో అయిదు వైరసులున్నాయి, వెంటనే ఇక్కడ నొక్కండి. దాని మీద ఇంకోటి, సగం ధరకే మోకాళ్ళ నొప్పుల నూనె. ఇంకోటి, చూపించదగని బొమ్మ. చప్పున మూసేశాను.

"ఎవరు వాళ్ళు?" అన్నాడు బాబాయ్.

"వస్తుంటారు బాబాయ్, మామూలే."

"పిలవకుండా ఎలా వస్తారు? ఎవడో లోపలికి రమ్మనుంటాడు."

ఎవడో కాదు. ఆర్నెల్ల క్రితం ఒక సైటు, నువ్వు రోబోవి కాదని రుజువు చేసుకోవాలంటే ఎలవ్ నొక్కు అంది. నొక్కాను. అది రుజువు కాదు, నా తెర మూలకి వచ్చి నోటిఫికేషన్లు పారేసుకోడానికి ఇచ్చిన పట్టా. ఆ ఒక్కటే అయితే బాధ లేదు. బాబాయ్ చెప్పగా చెప్పగా బ్రౌజరు సెట్టింగుల్లో సైట్ సెట్టింగులు తీసి, అందులో నోటిఫికేషన్ల జాబితా తెరిచాను. ఎలవ్ అన్న శీర్షిక కింద వరస మొదలైంది. కిందికి లాగాను, ఇంకా ఉంది. లాగాను, ఇంకా ఉంది. నలభై మూడు.

బాబాయ్ ఒక్క మాటనలేదు. రిజిస్టరులో కొత్త పేజీ తిప్పాడు. స్కేలు తీసుకుని గీతలు కొట్టాడు. పైన నా పేరు ఇంటిపేరుతో సహా పూర్తిగా రాశాడు. పిన్ని కాఫీ పెట్టి, నా మొహం చూసి, రాత్రికి కూడా వంట చేస్తానని లోపలికెళ్ళింది.

"మొదటి అర్జీదారు?"

చదివాను. పలకడానికి వీల్లేని పేరు, సగం అంకెలు.

"ఏ సందర్భంలో మంజూరు చేశావు?"

"గుర్తులేదు బాబాయ్."

"గుర్తులేదట" అని రాసుకున్నాడు. "రద్దు చెయ్యి." జాబితాలో దాని పక్కనున్న మూడు చుక్కలు నొక్కి తీసేశాను. "రెండు?"

రాత్రి తొమ్మిదింటికి నలభై మూడూ అయ్యాయి. పేజీ కింద చోటు చూపించి పెన్ను నా చేతిలో పెట్టాడు. సంతకం పెట్టి లేవబోయాను. ఆయన కళ్ళజోడు ముక్కు కొసకి జార్చి, కింది నుంచి పైకి ఒకసారి చదివి, ఎర్ర పెన్సిలు తీశాడు.

"తేదీ ఏదిరా?"